పెర్కిన్స్ బ్రెయిలర్: పదకొండేళ్లు వాడిన తర్వాత

చూపు లేని పిల్లలకు తెలుగు బ్రెయిలీ రాత, తెల్ల కర్రతో నడక నేర్పే పనిలో పదకొండేళ్లుగా నా బల్ల మీద ఉన్నది పెర్కిన్స్ బ్రెయిలరే. కాగితం మీద బ్రెయిలీ చుక్కలు పొడిచే, 1951లో అమెరికాలో తయారీ మొదలైన ఈ యంత్రానికి కరెంటు అక్కరలేదు. బ్రెయిలీలో ఒక్కో గడిలో, అంటే ఒక గుర్తు పట్టే చోటులో, ఆరు చుక్కల దాకా పడతాయి. ఆ ఆరు చుక్కలకు ఆరు మీటలు ఉంటాయి. అక్షరానికి కావలసినవన్నీ ఒకేసారి నొక్కాలి.

రాసిన చుక్క రాసిన వైపే పైకి లేస్తుంది కనుక, కాగితం బయటికి తీయకుండానే పిల్లలు వేలితో తడిమి తప్పు తెలుసుకోగలరు. మొదటి ఏడాది పిల్లలకు ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. ఒక బాబు "కల" అని రాసిన ప్రతిసారీ "అబ" అని వచ్చేది. వేళ్లు గమనిస్తే, ఎడమ ఉంగరపు వేలు మూడో చుక్క మీటను అడుగుదాకా నొక్కడం లేదని తేలింది. ఆ చుక్క పోతే క కాస్తా అ అవుతుంది, ల కాస్తా బ అవుతుంది. కొన్నాళ్లు ఆ వేలితో మైదాపిండి ముద్దను నొక్కించాక అక్షరాలు నిలబడ్డాయి.

గుణింతపు గుర్తుకు విడిగా ఒక గడి, వత్తున్న అక్షరానికి ముందు నాలుగో చుక్కకు మరో గడి పడతాయి కనుక, వరుసకు 42 గడులున్నా తెలుగు వాక్యానికి అవి చాలవనిపిస్తుంది. చప్పుడు కూడా ఎక్కువే. నలుగురు కలిసి రాస్తే నా గొంతు నాకే వినిపించదు.

అసలు చిక్కు బరువు. ఒక చేతిలో తెల్ల కర్ర పట్టుకుని బస్సెక్కవలసిన పిల్ల దాదాపు 5 కిలోల యంత్రాన్ని మోయలేదు. అందుకే రెండో ఏడాది పలక (కాగితాన్ని బిగించే గడుల చట్రం), స్టైలస్ (చుక్కలు పొడిచే మొనగల పుల్ల) మొదలుపెడతాను. పొడిచిన చుక్క కాగితం అవతలి వైపు లేస్తుంది కనుక, పలక మీద కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి పొడవాలి. యంత్రానికి అలవాటుపడిన ఒక అమ్మాయి జ దగ్గర మాత్రం తడబడి, చదివే రూపంలోనే పొడిచి, కాగితం తిప్పి చూసుకుంటే "జలం" "హలం" అయింది. ఆ తడబాటు పోవడానికి మూడు నెలలు పట్టింది. పలకను ఇంకా ముందే చేతికివ్వవలసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మరమ్మతు మరో తలనొప్పి. ఒకసారి బాగుచేయడానికి ఇచ్చిన యంత్రం నాలుగు నెలల తర్వాత, వరుస మారకుండా ఒకదానిపై ఒకటి చుక్కలు పొడుస్తూ తిరిగొచ్చింది. అప్పటినుంచి వారానికోసారి దుమ్ము దులిపి, రాత్రిళ్లు తప్పకుండా గుడ్డ కప్పి ఉంచుతున్నాను.