మాడ్రిడ్‌లో సార్సువేలా చూడాలంటే మే నెలలో వెళ్ళండి

స్పెయిన్ వెళ్ళేవాళ్ళంతా ఫ్లమెంకో నాట్యానికి టికెట్లు ముందే కొనిపెట్టుకుంటారు. మాడ్రిడ్ జనం తమదని చెప్పుకునేది మాత్రం సార్సువేలా. 17వ శతాబ్దంలో రాజుల వేట విడిదిలో కాల్దెరోన్ రాసిన నాటకాలతో మొదలై, ఆ విడిది పేరుతోనే నిలిచిపోయిన సంగీత నాటకం ఇది. మన పద్యనాటకంలోలాగా పాటల మధ్య మామూలు మాటలు నడుస్తాయి కాబట్టి, ఒపెరా అంటే బెదిరేవాళ్ళు కూడా హాయిగా చూడొచ్చు.

దీనికోసమే కట్టిన థియేటరు పార్లమెంటు భవనం వెనక, హోవెయానోస్ వీధిలో ఉంది. పేరు తెయాత్రో దె లా సార్సువేలా. బర్బియేరి లాంటి సంగీతకర్తలు పూనుకుని కట్టించుకున్న హాలు, 1856లో తెరిచారు. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి పక్క బాల్కనీల్లో చివరి సీట్లకి వేదిక సగమే కనబడుతుంది. అవి చవక, కానీ వద్దు. అదే డబ్బుకి పై అంతస్తులో వేదికకి ఎదురుగా దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. మనుషులు చిన్నగా కనిపించినా పాట మాత్రం చక్కగా పైకి వస్తుంది.

మేము చూసింది బర్బియేరిదే, 'ఎల్ బర్బెరీయో దె లవపియేస్'. 1874లో తొలిసారి ఆడింది కూడా ఈ హాల్లోనే. లంపరీయా అనే మంగలి, పలోమా అనే కుట్టుపనిపిల్ల పెద్దింటివాళ్ళ రాజకీయ కుట్రలో ఇరుక్కుంటారు. వేదిక పైన స్పానిష్, ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అయినా జోకు రాగానే హాలంతా ముందే ఘొల్లుమనేది, మేం చదువుకుని ఆ తర్వాత నవ్వేవాళ్ళం. కథ ఒకసారి చదువుకుని వెళ్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

బసకి మొదట థియేటరుకి దగ్గరని వెర్తాస్ అనే పేట వైపు ఒక హోటల్లో దిగాం. తెల్లవారుజాము దాకా కింద బార్ల గోల. గది మార్చమంటే కౌంటర్లో పట్టించుకోలేదు. అక్కణ్ణుంచి లవపియేస్ పేటకి మారాం. లిఫ్టు లేని పాత ఇల్లు, పెద్ద సూట్‌కేసులుంటే నడుం పడిపోతుంది. అయినా నా ఓటు దానికే. సార్సువేలాల్లోని మనుషులు ఈ పేటవాళ్ళే. మెసోన్ దె పరేదెస్ వీధిలో 'లా కొర్రాలా' అనే 19వ శతాబ్దపు ఇళ్ళ సముదాయం చూడండి. చెక్క వరండాలు వరసగా, ఒకదాని మీద ఒకటి, దండేల మీద బట్టలు. చపీ స్వరపరిచిన 'లా రెవొల్తోసా' (1897) ఇలాంటి లోగిలిలోనే నడుస్తుంది. శాకాహారులకి దిగుల్లేదు, ఈ పేటలో భారతీయ, బంగ్లాదేశీ హోటళ్ళు బోలెడు.

ఒకప్పుడు సార్సువేలాలకి పేరుపడ్డ, అల్కలా వీధిలోని అపోలో థియేటరు కోసం వెతక్కండి, 1929లోనే మూతపడింది. ఆ చోట బ్యాంకు భవనం లేచింది. నాకు ఇది నిజంగా బాధ. టికెట్టు చవకగా ఉండాలని గంటసేపటి నాటకాలు రాత్రికి నాలుగు ఆటలు వేసిన కాలం అది. బ్రెతోన్ 'లా వెర్బేనా దె లా పలోమా' 1894లో అక్కడే మొదలైంది. అదే ఏడు పుట్టిన సాన్ హినేస్ చాక్లెట్ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. రాత్రి ఆట చూసొచ్చి చుర్రోలు (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) చిక్కటి చాక్లెట్లో ముంచుకుని తినండి, క్యూ ఉన్నా నిలబడొచ్చు.

ఇక మే నెల ఎందుకంటే, 15న సాన్ ఇసిద్రో పండుగ. మైదానంలో పెద్దవాళ్ళు గళ్ళ టోపీలు, అంచుల శాలువాలతో చోతీస్ అనే జంట నాట్యం ఆడతారు. మగవాడు పాదాలు దగ్గరగా పెట్టి, ఒక చెయ్యి జేబులో ఉంచుకుని, ఉన్నచోటే మెల్లగా తిరుగుతాడు. ఆడమనిషి అతని చుట్టూ అడుగులేస్తుంది. వేదిక మీద చూసిన ఆటే, టికెట్టు లేకుండా. ఆగస్టులో పలోమా పండుగ కూడా ఘనంగానే చేస్తారు గానీ, అప్పటికి థియేటరుకి వేసవి సెలవులు.