ఆర్టిస్టు టాకా, ప్యానెల్ చర్చా: మ్యూజియం వీడియోల్లో ఏది మేలు?

నేను హనుమకొండలో ఒక బడిలో డ్రాయింగ్ చెప్తాను. హైదరాబాద్ పోయి ఎగ్జిబిషన్లు చూడాలని ప్రతి నెలా అనుకుంటాను, ఏడాదికి రెండుసార్లు కుదిరితే గొప్ప. ఢిల్లీ, బెంగళూరు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అందుకే రాత్రి అన్నం తిన్నాక, ఆ రోజు డేటాలో మిగిలినదాంతో మ్యూజియంల వాళ్లు పెట్టే రికార్డింగులు చూస్తుంటాను. ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియం, న్యూయార్క్ మోమా, లండన్ టేట్, అందరూ పెడతారు, అదీ ఫ్రీగా. బెంగళూరులోని మ్యాప్ అనే ఆర్ట్ మ్యూజియం అయితే 2020లో ముందు ఆన్‌లైన్‌లోనే మొదలైంది, భవనం తలుపులు తెరిచింది 2023లో.

ఈ వీడియోలు ముఖ్యంగా మూడు రకాలు. ఒక్క ఆర్టిస్టే స్లైడ్లు వేసుకుంటూ మాట్లాడేది ఒకటి. నలుగురైదుగురు కూర్చొని చర్చించేది ఇంకొకటి. ఎడిట్ చేసిన చిన్న ఇంటర్వ్యూ మూడోది. చేతిలో గంటే ఉంటే దేనికివ్వాలి?

నా ఓటు ఆర్టిస్టు టాక్‌కే. ఎందుకో చెప్పాలంటే చేర్యాల దాకా పోవాలి.

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా గాని, 2016 దాకా మన వరంగల్ జిల్లానే. అక్కడ నకాషీలనే చిత్రకారులు బట్ట మీద గీసే పటం గోడకు అలంకారంగా పుట్టింది కాదు, కథ చెప్పేవాళ్ల కోసం పుట్టింది. కాకిపడగల వాళ్ల లాంటి కథకులు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో వరుస విప్పుతూ, బొమ్మను చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. ఏ బొమ్మ కనపడుతుంటే ఆ మాటే నడవాలి. స్లైడ్ల టాక్ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. నాకు తెలిసిన కొలత కూడా అదే: మాట్లాడుతున్నంతసేపు బొమ్మ ఎదురుగా ఉందా లేదా?

ఈ కొలతకు ప్యానెల్ చర్చలు చాలావరకు నిలవవు. మొదటి పావుగంట పరిచయాలకూ శాలువాలకూ పోతుంది. ఐదుగురూ సోఫాల్లో కూర్చుంటారు, వెనక స్క్రీన్ మీద కార్యక్రమం పేరు, కింద లోగోలు. గంట గడిచినా ఒక్క బొమ్మ రాదు. జానపద చిత్రకళ మీద ఒక చర్చ మొత్తం చూశాను. బ్రష్షు పట్టేవాళ్లు అందులో ఒక్కరూ లేరు. దానికి ఆటోమేటిక్‌గా వచ్చిన ఇంగ్లిష్ క్యాప్షన్లలో చేర్యాల పెయింటింగ్ కాస్తా ‘సీరియల్ పెయింటింగ్’ అయిపోయింది. ఆ ఒక్కచోట మాత్రం నవ్వుకున్నాను.

ఇక ఎచింగ్, అంటే లోహపు ప్లేటు మీది గీతలను ఆసిడ్‌తో తినిపించి ప్రింట్ తీసే పని, చేసే ఒకాయన టాక్ చూడండి. జింక్ ప్లేటు ఒకటి తెచ్చుకొని వెలుతురుకు వాల్చి చూపించాడు. ఒక మూల ఆసిడ్ ఎక్కువ తినేసి గీతలన్నీ కలిసిపోయాయి. పాడైందని పక్కన పడేశాడట, మూడు నెలల తర్వాత అదే ప్లేటుకు ఇంకు పట్టించి ప్రింట్ తీశాడట. తర్వాతి స్లైడులో ఆ మచ్చే చింతచెట్టు కింది నీడ. ప్లేటు ఆసిడ్‌లో ఎంతసేపు ఉంటే గీత అంత లోతు దిగుతుందని పుస్తకంలో చదివాను గాని, ఆ మూల చూశాకే అర్థమైంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లను ఆ తర్వాత వేరే కళ్లతో చూశాను. ఆయనా, వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారూ ఇద్దరూ బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నవాళ్లే. వైకుంఠం గారి బొమ్మలోని ఆడమనిషి నుదుటి బొట్టు గురించి ప్యానెల్‌లో మాట్లాడితే ‘గ్రామీణ అస్తిత్వం’ అంటారు. తప్పేం కాదు. నాకు కావలసింది మాత్రం ఆ ఎరుపు పక్కన ఆ పసుపు ఎట్లా నిలిచిందన్నది.

అలాగని ప్యానెల్‌ను కొట్టిపారేయను. ఆర్టిస్టు ఒక్కడే మైకు ముందుంటే తన గురించి తాను మంచిగానే చెప్పుకుంటాడు, ఆపేవాళ్లుండరు. ధర ఎవరు పెడతారు, అసలును చూసి నకలు గీసేదెవరు, చేర్యాల పటానికి జీఐ గుర్తింపు (ఇది ఆ ఊరి కళేనని ఇచ్చే అధికారిక గుర్తింపు) వస్తే గీసేవాడి ఇంట్లో ఏం మారింది, ఇలాంటివి నలుగురు ఉంటేనే బయటపడతాయి. అందులో ఒకరు ‘కాదండీ’ అన్నారంటే నేను ఫోన్ దగ్గరికి లాక్కుంటాను. పైగా ప్యానెల్‌లో చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి చెవిలో పెట్టుకుంటే చాలు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు ఒకటి అయిపోతుంది. ఆర్టిస్టు టాక్ మాత్రం రైల్లో పెట్టకండి, ‘ఇక్కడ చూడండి’ అని ఆయనంటుంటే మనం కిటికీలోకి చూస్తుంటాం.

రెండింట్లోనూ చివరి ప్రశ్నల భాగం వదలొద్దు. అడిగినవాళ్లకు మైకు అందక ప్రశ్న వినపడదు, జవాబును బట్టి ఊహించుకోవాలి. అయినా స్లైడ్లు అయిపోయాక మనిషి కొంచెం వదులవుతాడు.

చిన్న ఇంటర్వ్యూలు బడికి మంచివి. డెన్మార్క్‌లోని లూసియానా మ్యూజియం వాళ్ల వీడియోల్లో అడిగేవాళ్ల గొంతు తీసేసి, ఆర్టిస్టు నేరుగా మనతోనే మాట్లాడుతున్నట్టు కూరుస్తారు. పిల్లలు పది నిమిషాలు కదలకుండా చూస్తారు. నాకైతే తడబాట్లన్నీ కత్తిరించేశారని కొంచెం అసంతృప్తి.

ఇంత చెప్పే నేనే ఒకసారి తప్పు చేశాను. జనగామ మీదుగా చేర్యాల పోయి ఒక నకాషీ పెద్దాయనను ఫోన్‌లో రికార్డు చేశాం. ఇరవై నిమిషాలూ ఆయన మొహమే వచ్చింది. ఖద్దరు బట్టకు సుద్దమట్టి, గంజి, చింతగింజల పిండి కలిపి పూత మీద పూత ఎట్లా పెడతారో చెప్తూనే చేసి చూపించాడు. ఆ చేసిందంతా ఫ్రేము కింద ఉండిపోయింది. బడికొచ్చి చూసుకుంటే పెద్దాయన కిందికి చూస్తూ మాట్లాడుతున్నాడు, అంతే.

రెండోసారి పోయినప్పుడు స్టాండును ఆయన మోకాలి దగ్గర పెట్టాం. మొహం ఒక్కసారీ రాలేదు. బట్ట మీది ఎర్ర రంగు నేపథ్యం మీద ఉడుత వెంట్రుకల బ్రష్షుతో నల్లగీత లాగుతున్న చెయ్యి వచ్చింది. మాట బాగానే వినపడుతోంది, మధ్యలో రెండు కుక్కర్ విజిళ్లతో సహా.