బరంపురం క్లినిక్‌లో లేబియాప్లాస్టీ: డాక్టర్ పని బాగుంది, ప్యాకేజీ తీరు బాలేదు

యోని లోపలి పెదవుల సైజు తగ్గించే ఆపరేషన్‌ను బరంపురంలో ఒక ప్రైవేటు క్లినిక్ ప్యాకేజీగా ఇస్తోంది. డాక్టర్ తెలుగులోనే మాట్లాడతారు, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వెళ్లేవాళ్లకు అదొక ధైర్యం.

మొదటి కన్సల్టేషన్‌కు పూర్తి మార్కులు వేయొచ్చు. చేతికి అద్దమిచ్చి, స్కేలు పెట్టి, సాగదీయకుండా కొలుస్తారు. లండన్‌లో 50 మందిని కొలిచి 2005లో ప్రచురించిన లెక్కల్లో లోపలి పెదవి వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 దాకా ఉంది. ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం, అంచు నల్లగా ఉండటం, బయటికి కనిపించడం, ఏదీ జబ్బు కాదు. డాక్టర్ ఇంత చెబుతుంటే, రిసెప్షన్‌లో ఇచ్చే పాంప్లెట్‌లో మాత్రం 'సరైన సైజు' అని అచ్చేశారు. అలాంటి సైజే లేదు.

సైకిల్ తొక్కితే ఒరుసుకుపోవడం, కలయికలో లోపలికి మడతపడి నొప్పెట్టడం లాంటివి ఉంటే ఆపరేషన్ ఆలోచించొచ్చు. ముందు వదులు కాటన్ లోదుస్తులు వేసుకుని, అక్కడ సబ్బు మానేసి, రాపిడి చోట వాజిలీన్ రాసి చూడాలి. దురద, తెల్ల మచ్చలు ఉంటే అది చర్మం సంగతి, కోస్తే పోదు. 18 నిండని పిల్లలకైతే ఎదుగుదల ఇంకా ఆగలేదు, వద్దు.

కోతలో రెండు పద్ధతులు. అంచు కత్తిరిస్తే నల్ల భాగం పోతుంది గానీ కుట్టు పొడుగునా పడుతుంది, ఒక్కోసారి అంచు అలలుగా తేలుతుంది. మధ్యలో ముక్కోణంగా తీసి కలిపితే సహజమైన అంచు మిగులుతుంది, కానీ లాగుడంతా ఆ ఒక్క గీత మీదే. కుట్టు విడితే గాటో చిల్లో పడుతుంది. గుడాకు, ఖైనీ అలవాటుంటే ఈ ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానాల్సిందే. ఇక్కడ ఆ ప్రశ్నే అడగరు, మీరే చెప్పండి.

మత్తు సూది వేశాక కండ వాచి కొలత తప్పుతుంది కాబట్టి, గీతలు సూదికి ముందే గీస్తారు. కనీసం ఒక సెంటీమీటరు మిగల్చమని అడగండి. ఎక్కువ కోస్తే మళ్లీ అతికించేది లేదు. పైన క్లిటోరిస్‌ను కప్పి ఉండే చర్మపు మడతను ఏం చేస్తారో కూడా అడగాలి. దాన్ని అలాగే వదిలితే కింద తగ్గించాక అదే ఎత్తుగా కనిపిస్తుంది.

కుట్లు వాటంతటవే కరుగుతాయి. గుడ్డలో చుట్టిన ఐసు, మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్లు పోసుకుని అద్దుకోవడం, ఆరు వారాలు కలయిక, సైకిల్ బంద్. అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు. మొదటి రోజు ఒక పక్క హఠాత్తుగా ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, సలుపుతుంటే లోపల రక్తం గడ్డకడుతోందని అర్థం, వెంటనే చూపించాలి. ప్యాకేజీ తేలిపోయేది ఇక్కడే: రాత్రి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే డాక్టర్ దొరకరు. గుణుపురం వాళ్లు రెండు రాత్రులు బరంపురంలోనే ఉండటం మంచిది.

'లేజర్ టైటెనింగ్ సగం ధరకే' అంటూ లేజర్‌తో యోనిని బిగుతు చేస్తామంటే వద్దనండి. కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వస్తున్నాయని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఒప్పంద పత్రం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివించుకున్నాకే సంతకం. అందం కోసం చేసే ఆపరేషన్‌కు జీఎస్టీ పడుతుంది, చెప్పిన రేటులో అది కలిసిందో లేదో కాగితం మీద రాయించుకోండి.