జాతరలో కొన్న 'ప్రపంచ సైన్యాలు' ముక్కలు: ఒక పాత ట్యాంకు మెకానిక్ మాట

మొదటే చెప్పేస్తాను. 90 రూపాయలకి ఈ పేకముక్కల డబ్బా చెడ్డ బేరమేమీ కాదు. అయిదుకి మూడు మార్కులు వేస్తాను. మిగతా రెండూ ఎందుకు కోశానో చెప్పడానికే ఈ రాతంతా.

కొన్నది విజయనగరంలో, పైడితల్లమ్మ జాతరలో. తొలేళ్ల నాడు సాయంత్రం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర కాలు పెట్టడానికి జాగా లేదు. రాజాం నుంచి మా అమ్మాయి, మనవడు వచ్చారు. వాడు ఆరో తరగతి. రంగులరాట్నం, బూరలు అన్నీ అయ్యాక గంటస్తంభం వైపు నడుస్తుంటే, నేల మీద పట్టా పరిచి బొమ్మలమ్ముతున్న ఒకాయన దగ్గర ఆగిపోయాడు. ప్లాస్టిక్ తుపాకుల మధ్యలో ఈ డబ్బా. మీద ఒక ట్యాంకు, ఒక ఓడ, వెనకాల మంటలు. "తీసుకోండి బాబూ, పిల్లలికి జీకే వస్తాది" అన్నాడాయన. 120 చెప్పి 90కి ఇచ్చాడు. డబ్బా మీద కంపెనీ పేరుంది గానీ ఇక్కడ రాయను. ఇలాంటివి నాలుగైదు రకాలు దొరుకుతాయి, అన్నీ ఒక తాను గుడ్డలే.

నేను సైన్యంలో బళ్లూ ఆయుధాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో 24 ఏళ్లు చేసి హవల్దారుగా ఇంటికొచ్చినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం ఎల్‌ఏడీలోనే. అంటే ట్యాంకుల రెజిమెంటుని అంటిపెట్టుకుని ఉండే చిన్న వర్క్‌షాపు. నా వయసంతా టీ-72 ట్యాంకు ఇంజను మీద వంగే గడిచింది. కాబట్టి ఈ ముక్కల మీద నోరు చేసుకునే హక్కు కొంచెం ఉందనుకుంటాను.

ఆట తెలిసిందే. 36 ముక్కలు, ముక్కకో దేశం. ఒక్కో ముక్క మీద ఆరు గళ్లు: సైనికులు, ట్యాంకులు, యుద్ధవిమానాలు, విమానవాహక నౌకలు, జలాంతర్గాములు, ఏటా ఖర్చు. పైముక్క చూసుకుని ఒక గడి పిలవాలి. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లు అందరి ముక్కలూ ఊడ్చుకుపోతారు. అణుబాంబుల గడి లేదు. లేకపోవడమే నయం, ఉంటే ఆట రెండు నిమిషాల్లో అయిపోను.

ముక్కలు పల్చన. వారానికే అంచులు పొరలు లేచాయి. పాకిస్తాన్ ముక్క మీద బొమ్మ చూసి నాకు ఒళ్లు మండింది. పక్కకి చక్రాలు లెక్కపెట్టాను: ఏడు. పైన ఫిరంగితో తిరిగే పెట్టెలాంటి టరెట్. అది మన అర్జున్ ట్యాంకు. టీ-72కీ టీ-90కీ పక్కకి ఆరే చక్రాలుంటాయి. చెన్నై దగ్గర ఆవడిలో తయారైన బండిని అవతలివాడి చేతిలో పెట్టారు. అర మార్కు అక్కడే కోసేశాను.

అసలు గొడవ అంకెలతో. మొదటిరోజే మావాడికి రష్యా పడింది. "ట్యాంకులు, 12 వేల చిల్లర!" అని అరిచాడు. నా చేతిలో అమెరికా. "ఓడిపోనావు తాతా!" అని ముక్కలన్నీ లాక్కున్నాడు. ముక్క ప్రకారం నేను ఓడినట్టే. కానీ 2022కి ముందు రష్యా దగ్గర రెజిమెంట్లలో పనిలో ఉన్న ట్యాంకులు సుమారు 3 వేలని అంచనా. మిగతావన్నీ నిల్వ. అందులో చాలా వాటికి వానా మంచూ తప్ప తోడు లేదు. ఏళ్ల తరబడి ఆరుబయట పడున్న ట్యాంకుకీ, రోడ్డు మీదకి పోయే ట్యాంకుకీ మధ్య ఎంత పనుంటుందో ఆ ముక్క అచ్చేసినవాడికి తెలీదు. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, వైర్లు ఎలకలు కొరికేస్తాయి, గురి చూసే సైట్‌లో అద్దాలకి బూజు పడుతుంది. పనికొచ్చే సామాను ఎవడో ముందే ఊడదీసుకుపోయుంటాడు. యుక్రెయిన్‌లో ట్యాంకులు పోతూ ఉంటే రష్యా ఆ నిల్వల్లోంచి తాతలనాటి టీ-62లని, ఆనక టీ-55లని కూడా బయటికి లాగింది.

మాకు రోజూ పొద్దున్నే ఒక లెక్క పైకి పోయేది. ఎన్ని బళ్లున్నాయని కాదు, ఎన్ని ఆఫ్ రోడ్, అంటే చెడిపోయి నడవకుండా ఉన్నాయని. రెజిమెంటుకి 45 ట్యాంకులు. రెజిమెంటుకి పెద్ద, సీఓ సాబ్ అడిగేది ఒకటే మాట: "ఆజ్ కిత్‌నే చలేంగే?" ఇవాళ ఎన్ని నడుస్తాయి? ఈ డబ్బాలో 36 దేశాలున్నాయి, ఆ గడి ఒక్కదానికీ లేదు.

డీజిల్ సంగతి చూడండి. టీ-72లో 1200 లీటర్లు పడతాయి. మంచి రోడ్డు మీదే కిలోమీటరుకి రెండున్నర లీటర్లు తాగుతుంది, ఇసకలో ఇంకా ఎక్కువ. 45 బళ్లకీ ఒక్కసారి నింపాలంటే 54 వేల లీటర్లు. మన బంకుకి వచ్చే 12 వేల లీటర్ల ట్యాంకరు లారీలు నాలుగు చాలవు, అయిదోది కూడా కావాలి. అది ఒక్క రెజిమెంటుకి, ఒక్కసారికి. అమెరికా అబ్రామ్స్ ఇంకా తిండిపోతు. గ్యాస్ టర్బైన్ ఇంజను, 1500 గుర్రాల బలం, 1900 లీటర్లు నింపితే 430 కిలోమీటర్లు కూడా పోదు. కానీ అమెరికావాడు దాని వెనక ట్యాంకరు లారీలని కూడా నడిపిస్తాడు. 2022లో కీవ్‌కి ఉత్తరాన 60 కిలోమీటర్లకి పైగా బారులు తీరి నిలిచిపోయిన రష్యా బళ్లని టీవీలో చూసినప్పుడు మా పాత నేస్తాలం ఫోన్లలో ఒకే మాట అనుకున్నాం: వెనకాల డీజిల్ బౌజరు రాలేదురా.

మాకూ తెలుసు ఆ బాధ. పార్లమెంటు మీద దాడి జరిగింది 2001 డిసెంబరు 13న. ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యమంతా సరిహద్దుకి కదిలింది. దూరాన ఉన్న పెద్ద దళాలు పూర్తిగా చేరేసరికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత అక్టోబరు దాకా రాజస్థాన్ ఇసకలో కూచున్నాం. ఎండాకాలంలో ట్యాంకు లోపల ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. నేను మనసులో తిట్టుకున్నది శత్రువుని కాదు, ఏర్ క్లీనర్లో చేరే దుమ్ముని. యుద్ధం జరగలేదు. ఇంజన్లు మాత్రం అరిగాయి. ముక్క మీద మన అంకె ఆ ఏడాదంతా మారి ఉండదు.

డ్రోన్ల గడి లేకపోవడానికి ఇంకో అర మార్కు. అమెరికా 2023లో యుక్రెయిన్‌కి 31 అబ్రామ్స్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌కల్లా వాటిని ముందు వరస నుంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. కారణం, కొన్ని వందల డాలర్ల డ్రోన్లు. అంత ట్యాంకుకి పైకప్పు పల్చన మరి.

ఓడల గడి మీద మా ఇంట్లో పెద్ద వాదన అయింది. విమానవాహక నౌకలు అమెరికాకి 11, చైనాకి 3, మనకి 2, రష్యాకి 1. అంకెలు తప్పు కాదు. మా బావమరిది విశాఖ డాక్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇంటికొచ్చి ముక్క చేతిలోకి తీసుకుని ఫక్కున నవ్వాడు. "బావా, పదకొండూ ఒకేసారి సముద్రంలో ఉంటాయనుకుంటన్నావేటి? ఒకటి తిరుగుతుంటే ఒకటి రిపేరు, ఇంకోటి ట్రైనింగు." నిజమే, ఆ పదకొండులో దూరసముద్రాల్లో గస్తీ తిరిగేవి మామూలుగా మూడో నాలుగో. రష్యా ఒక్కటైతే మరీ అన్యాయం. అడ్మిరల్ కుజ్నెత్సోవ్ అనే ఆ ఓడ సిరియాకి పోయినప్పుడు నల్లపొగ కక్కుకుంటూ పోయింది, పక్కన లాగుడు పడవని తోడు పెట్టుకుని. వచ్చాక రిపేరుకి పెడితే 2018లో దాని కింది తేలే డాక్ మునిగిపోయి క్రేను డెక్ మీద పడింది. 2019లో లోపల అంటుకుంది. అయినా ముక్క మీద '1'. ఆ ఒకటితో మా మనవడు బ్రెజిల్‌ని గెలిచాడు.

బావమరిది చెప్పిన ఇంకో సంగతి నాకు అంతకుముందు తెలీదు. ఈ కుజ్నెత్సోవ్, చైనా మొదటి ఓడ లియావోనింగ్, మన విక్రమాదిత్య, మూడూ యుక్రెయిన్‌లోని మైకొలాయివ్ అనే ఒకే ఊరి షిప్‌యార్డులో పుట్టాయట. సోవియట్ ఇల్లు కూలిపోతే తలో మూలకీ పోయిన అన్నదమ్ములన్నమాట. వాటిల్లో లియావోనింగ్‌ని తేలే జూదశాల చేస్తామని చెప్పి కొన్నారు! 2012కి యుద్ధనౌక అయి కూచుంది. ఇప్పుడు చైనా మూడోది ఫుజియాన్, 80 వేల టన్నుల పైమాటే, విమానాల్ని విద్యుదయస్కాంత బలంతో విసురుతుంది. ఓడల తలకాయల లెక్కలో చైనా నౌకాదళం ఇప్పటికే అమెరికాని దాటింది. బరువులు తూచితే మాత్రం అమెరికాదే పైచెయ్యి. ముక్కల్లో బరువు గడి లేదు కాబట్టి చిన్న పడవా పెద్ద ఓడా ఒక్కటే.

విమానాల గడి గురించి నాకు పెద్దగా తెలీదు, వదిలేస్తాను. ఒక్కటే అంటాను. యుద్ధవిమానాలు అచ్చేశారు గానీ మోసే విమానాలు వెయ్యలేదు. 2020లో లద్దాఖ్‌లో చైనాతో గొడవొచ్చినప్పుడు మన సీ-17లు ట్యాంకుల్ని కడుపులో పెట్టుకుని లేహ్‌లో దింపాయి. మన దగ్గరున్నవి 11. అమెరికా వాయుసేనకి 222. పొరుగింటి గొడవకి నడిచే పోవచ్చు. ఏడు సముద్రాలు దాటి గొడవకి పోయే అలవాటున్నవాడి బలం ఆ గడిలోనే ఉంటుంది.

ఖర్చు గడి: 2024కి స్టాక్‌హోంలోని సిప్రి అనే పరిశోధన సంస్థ లెక్కలో అమెరికా 997 బిలియన్ డాలర్లు, చైనా 314, రష్యా 149, మనం 86. ముక్కలు కూడా ఇంచుమించు ఇవే చెప్తున్నాయి. కానీ ఆ డాలర్లతో అక్కడ ఒక సిపాయికిచ్చే జీతమెంత, ఇక్కడెంత? పైగా మన 86లో పెన్షన్లు కూడా కలిసున్నాయి. అంటే నెలనెలా బ్యాంకులో పడే నా పెన్షన్ కూడా భారతదేశ యుద్ధబలంలో భాగమే. ఈ మాట మా ఇంటావిడకి చెప్తే, "అయితే ముందు యుద్ధానికెళ్లి కరివేపాకు తెండి" అంది.

ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడది విజయనగరం, కోట పక్క వీధి. నాది బొబ్బిలి వైపు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధంలో ఏం జరిగిందో మా పెళ్లయిన దగ్గర్నుంచీ తేలలేదు. ముక్కల ఆటగా చూస్తే విజయనగరానిదే గెలుపు. వెనకాల ఫ్రెంచి బుస్సీ, అతని ఫిరంగులు. బొబ్బిలికి మట్టికోట, మనుషులు. కోట కూలింది. కానీ కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలోకి దూరి విజయరామరాజుని పొడిచేశాడు. ఆ గడి ఏ ముక్క మీద అచ్చేస్తారు? "దొంగచాటు దెబ్బకి గొప్పలేటి" అంటుంది ఆవిడ. అక్కడితో మా ఇంట్లో ఆట ఆగిపోతుంది.

అంకెల మీద విసుగొచ్చి నేనూ మనవడూ కొత్త రూలు పెట్టుకున్నాం. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీశాను. ట్యాంకులు గానీ ఓడలు గానీ పిలిస్తే ఇద్దరూ గవ్వలెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని పావు వంతులే నడుస్తున్నట్టు. నాలుగూ పడితే మొత్తం నడిచినట్టు. ఒక్కటీ పడకపోతే డీజిల్ రాలేదన్నట్టు. మొదటి ఆటలోనే మావాడు రష్యాతో 12 వేలు పిలిచి గవ్వలేస్తే ఒక్కటే వెల్లకిలా పడింది. 12 వేలలో పావు, 3 వేలు! అచ్చం అసలు లెక్కే. నా దగ్గర భారత్, 4 వేల చిల్లర, నాలుగు గవ్వలూ పడ్డాయి. వాడు మూతి ముడుచుకుని "మీ వర్క్‌షాపోలు బాగా చేసినారు" అన్నాడు. 24 ఏళ్ల సర్వీసులో ఏ ఆఫీసరూ నాకు ఆ మాట అనలేదు.

కొనాలనుకునేవాళ్లకి: ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి పర్వాలేదు. దేశాల పేర్లు, జెండాలు వస్తాయి. పక్కన పెద్దవాళ్లెవరైనా కూచోండి. ముక్కలకి ప్లాస్టిక్ తొడుగులు వేయించుకోండి, స్టేషనరీ షాపులో దొరుకుతాయి. 120 చెప్తే 90కి దిగుతాడు, ఇంకా ఆగితే 80కీ ఇస్తాడేమో, నేను ఆగలేదు.

మనవడు డబ్బా పట్టుకుని రాజాం వెళ్లిపోయాడు. నిన్న ఫోన్ చేశాడు. "తాతా, ముక్కలన్నీ ఉన్నాయి గానీ గవ్వలు అక్కడే మర్చిపోనాను. అవి లేకపోతే ఆట అవ్వట్లేదు. పంపీవా?" రేపు ఆర్టీసీ కాంప్లెక్స్‌కెళ్లి రాజాం బస్సులో తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తే ఇచ్చి పంపాలి.