సొమ్మొకడిది సోకొకడిది: ఇరవై ఏళ్లుగా వింటున్న ఫుట్‌బాల్ కామెంటరీ

ఫోన్ కొన్న వారానికే సమీక్ష రాసేవాళ్లున్నారు. నేను దాదాపు ఇరవై ఏళ్లు వాడాక రాస్తున్నాను. వాడిన వస్తువు టీవీలో వచ్చే ఫుట్‌బాల్ కామెంటరీ. 2006 వరల్డ్ కప్‌తో మొదలైంది ఈ అలవాటు. ఫిర్యాదు అందరికీ తెలిసిందే: మైదానంలో ఒక స్టార్ ఉంటే కామెంటేటర్‌కి మిగతా ఇరవై ఒక్కమంది ఆనరు. చాలామంది దీన్ని భజన అంటారు, నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను. ఇప్పుడు చూస్తే భజన చిన్న జబ్బే.

ఆ 2006 ఫైనల్ సంగతే తీసుకోండి. బెర్లిన్‌లో ఇటలీ, ఫ్రాన్స్. ఫ్రాన్స్ స్టార్ జిదాన్‌కి అదే ఆఖరి మ్యాచ్. 7వ నిమిషంలో పెనాల్టీని బార్‌కి తాకించి మరీ లోపల వేశాడు. 19వ నిమిషంలో ఇటలీ డిఫెండర్ మాటెరాజ్జీ హెడర్‌తో సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో, 110వ నిమిషం దగ్గర, బంతి ఎక్కడో ఉండగా ఆట ఆగింది. రీప్లే వచ్చాక గానీ సంగతి అర్థం కాలేదు, జిదాన్ తలతో మాటెరాజ్జీ ఛాతీ మీద గుద్దాడు. నేను విన్న కామెంటరీలో ఆ వెంటనే వచ్చిన ప్రశ్న, 'ఇంత పని చేశాడంటే అవతలివాడు ఏమని ఉంటాడు?' అని. గుద్దినవాడి మీద జాలి, కింద పడ్డవాడి మీద అనుమానం. అప్పుడు నాకది తప్పుగా అనిపించలేదు, నేనూ అదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఇటలీ గోల్ కొట్టింది ఆ మాటెరాజ్జీయే. షూటౌట్‌లో, అంటే ఆట సమంగా ముగిస్తే ఒక్కొక్కరుగా పెనాల్టీలు కొట్టే చోట, తన పెనాల్టీ కూడా వేశాడు. చాలా ఏళ్లు నాకు ఈ రెండూ గుర్తే లేవు.

ఒక సీజన్‌లో పక్కన కాగితం పెట్టుకుని కూర్చున్నాను. స్టార్‌కి ఒక గడి, మిగతావాళ్లకి ఒక గడి, ఎవరి గురించి ఏ మాట వాడారో రాసుకోవడం. ఖాళీ గోల్ ముందు స్టార్ బంతిని పైకి తన్నేస్తే 'బంతి కాస్త ఎగిరింది'. అదే పని మామూలు స్ట్రైకర్ చేస్తే 'ఈ స్థాయిలో ఇవి వేయాల్సిందే'. స్టార్ డిఫెన్స్‌కి వెనక్కి రాకపోతే 'శక్తి దాచుకుంటున్నాడు', పక్కవాడు రాకపోతే 'ఎక్కడున్నాడితను?'. ఇక స్టార్ ఇచ్చిన పాస్ ఎవరికీ అందకపోతే తప్పు అందుకోనివాడిది: 'అతని ఆలోచనని వీళ్లు అందుకోలేకపోయారు'. బంతి నేరుగా అవతలి టీమ్ డిఫెండర్ కాళ్ల దగ్గరికి వెళ్లినా ఇదే మాట. ఇది విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

పొగడ్తల్లో మాత్రం నేననుకున్నంత తేడా కనిపించలేదు. మంచి గోల్ ఎవరు వేసినా గొంతు చించుకుంటారు. తేడా అంతా తప్పు జరిగినప్పుడే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారే, అదే లెక్క. పక్కన కూర్చునే మాజీ ఆటగాడు అడ్డుపడతాడేమో అని చూస్తే, ఒకరు తాన అంటే ఇంకొకరు తందాన. అందరూ అలాగే అనను. పాత డిఫెండర్లు కో-కామెంటేటర్లుగా వస్తే బాగుంటుంది. గోల్ పడగానే వాళ్ల కళ్లు మొదట వెనక వరసలో ఎవడు మనిషిని వదిలేశాడో వెతుకుతాయి.

సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకి బొమ్మ వేయమంటే 2022 వరల్డ్ కప్‌లో నవంబర్ 28 నాటి పోర్చుగల్, ఉరుగ్వే మ్యాచ్ చూపిస్తాను. 54వ నిమిషంలో ఎడమవైపు నుంచి బ్రూనో ఫెర్నాండెజ్ క్రాస్ వేశాడు, రొనాల్డో తల ఎత్తి ఎగిరాడు, బంతి నేరుగా లోపలికి వెళ్లిపోయింది. రొనాల్డో చేతులు చాచి సంబరం మొదలుపెట్టాడు, తెర మీద అతని పేరే పడింది, నేను వింటున్న గొంతు కూడా అతని పేరే అరిచింది. తర్వాత గోల్‌ని బ్రూనో పేరు మీదికి మార్చారు. ఆ టోర్నీ బంతిలో సెన్సర్ ఉంది, సెకనుకి 500 సార్లు రీడింగ్ పంపుతుంది. తల తగిలిన ఆనవాలు దానిలో లేదని బంతి చేసిన అడిడాస్ చెప్పింది. అక్కడితో అయిపోవాలి కదా? ఆ తర్వాత కూడా చర్చ అంతా తగిలిందా, వెంట్రుక వాసిలో పోయిందా అనే. బ్రూనో చివర్లో పెనాల్టీ కూడా వేసి 2-0తో గెలిపించాడు. ఆ క్రాస్ ఎంత బాగా వంగిందో ఎవరైనా నాలుగు మాటలు చెబుతారేమో అని చూశాను. లేదు.

చాలాకాలం కామెంటేటర్‌నే తిట్టుకున్నాను. తర్వాత తెలిసిందేమంటే, చాలాసార్లు ఆయన చూసేదీ మనం చూసే తెరే. వరల్డ్ కప్‌లో ఒకే సంస్థ తీసిన బొమ్మ ప్రపంచమంతా వెళ్తుంది. 2002 నుంచి ఆ పని హెచ్‌బీఎస్ చేస్తోంది. కామెంటేటర్లలో కొందరు అసలు స్టేడియంకే వెళ్లరు, ఎక్కడో స్టూడియోలో మానిటర్ ముందు కూర్చుని మాట్లాడతారు. స్టేడియంలో ఉన్నవాళ్ల ముందు కూడా మానిటర్ ఉంటుంది. తెర మీద ఏముంటే దాని గురించి మాట్లాడాలి. ఆట ఆగగానే డైరెక్టర్ స్టార్ ముఖానికి కట్ చేస్తాడు. ఆ ముఖం నాలుగు సెకన్లు ఉంటే ఆ నాలుగు సెకన్లూ ఏదో ఒకటి అనాలిగా. 'తీవ్రంగా ఆలోచిస్తున్నాడు' అంటారు. షూ లేసు గురించి ఆలోచిస్తున్నాడేమో, ఎవరికి తెలుసు. పైగా దూరం నుంచి పరుగెత్తే మనుషుల్లో ఎవరెవరో క్షణంలో గుర్తుపట్టాలి. నడక చూసి చెప్పగలిగేది ఆ ఒక్కణ్నే.

ఇక నా సంగతీ చెప్పాలి. నేను మెస్సీ పక్షం. నా స్నేహితుడు రొనాల్డో కోసం ప్రాణమిస్తాడు. ఒకరోజు మ్యాచ్ కాగానే వాడి ఫోన్.

"ఏరా, ఆ కామెంటేటర్ మీవాడికి మేనమామా?"

సరిగ్గా అదే కామెంటేటర్‌ని ముందు వారం నేను రొనాల్డో భక్తుడని తిట్టాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం గానీ, లోపల ఏదో గుచ్చుకుంది. 1951లో అమెరికాలోని ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీ జట్లు మోటుగా ఆడిన ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ మ్యాచ్ ఫిల్మ్‌నే రెండు వైపుల విద్యార్థులకీ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. ప్రిన్స్‌టన్ వాళ్లకి డార్ట్‌మత్ తప్పులు, డార్ట్‌మత్ వాళ్లు తమవాళ్లలో చూసిన వాటికి రెట్టింపు కనిపించాయి. కాబట్టి నా కాగితం మీది గళ్లని కూడా కొంచెం అనుమానంతోనే చదవండి.

అసలు జబ్బు నాకు తెలిసింది 2024 జులై 1 తర్వాత. యూరప్ దేశాల టోర్నీ యూరోలో పోర్చుగల్, స్లొవేనియా. 105వ నిమిషంలో రొనాల్డో పెనాల్టీని స్లొవేనియా గోల్‌కీపర్ ఓబ్లాక్ ఆపేశాడు. ఎక్స్‌ట్రా టైమ్ విరామంలో రొనాల్డో ఏడ్చేశాడు, కెమెరా అక్కణ్నుంచి కదలలేదు, మాటలూ కదలలేదు. చివర్లో స్లొవేనియా స్ట్రైకర్ షెష్కో ఒంటరిగా దూసుకొస్తే పోర్చుగల్ గోల్‌కీపర్ డియోగో కోస్టా కాలితో ఆపాడు. షూటౌట్‌లో స్లొవేనియా కొట్టిన మూడు పెనాల్టీలకి మూడూ ఆపాడు. మర్నాడు ఆఫీసులో ఒకాయన మ్యాచ్ ఎలా జరిగిందని అడిగారు. నా నోటి నుంచి మొదట వచ్చింది కన్నీళ్ల కథ. కోస్టా పేరు మూడో వాక్యంలో వచ్చింది, అదీ 'వాళ్ల గోల్‌కీపర్' అన్నాక గుర్తు తెచ్చుకుని. నేను మెస్సీ పక్షం అని చెప్పాను కదా, అయినా అంతే. ఎవర్ని అభిమానించాలో నేర్పించలేకపోయారు గానీ, ఎటు చూడాలో బాగా నేర్పించారు.

ఆ వారం నుంచి మ్యూట్. పరీక్ష కోసం 2022 వరల్డ్ కప్ ఫైనల్‌ని (అర్జెంటీనా, ఫ్రాన్స్) సౌండ్ లేకుండా మళ్లీ పెట్టుకున్నాను. 36వ నిమిషంలో డి మరియా వేసిన గోల్ నాకు అప్పటిదాకా 'మెస్సీ ఫ్లిక్‌తో మొదలైన గోల్'. మళ్లీ చూస్తే మెస్సీకి బంతి ఇచ్చింది అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ మాకాలిస్టర్. ఇచ్చి ఆగలేదు, అక్కణ్నుంచే పరుగు అందుకున్నాడు. మెస్సీ ఆల్వారెజ్‌కి, ఆల్వారెజ్ ఒక్క టచ్‌తో ముందుకి, అక్కడికి మళ్లీ మాకాలిస్టరే చేరాడు. తను షాట్ కొట్టకుండా అవతలి వైపు ఒంటరిగా వస్తున్న డి మరియాకి అడ్డంగా ఇచ్చాడు. మెస్సీ టచ్ అద్భుతమే, దాన్ని తగ్గించను. కానీ ఆ ఎర్రజుట్టు మనిషి పరుగు ఎన్నిసార్లు రీప్లేలో నా కళ్ల ముందు నుంచి వెళ్లిపోయిందో! అతను తెరలో ఉన్నాడు, నా చెవి వేరేచోట ఉంది.

అలాగని మ్యూట్ చేస్తే అన్నీ నయం కావు. మొదటి నెల సౌండ్ లేకపోయినా నా కళ్లు స్టార్ వెంటే పోయేవి, కెమెరా కూడా అటే లాగుతుంది. ఎవరికి పసుపు కార్డు ఉందో, ఎవరు ఎందుకు కూర్చుండిపోయారో అర్థం కాదు. కొన్ని ప్రసారాల్లో స్టేడియం శబ్దం మాత్రమే వినే వీలుంటుంది, అది కొంత నయం. అన్నిటికన్నా నాకు పనికొచ్చింది రేడియో కామెంటరీ. బొమ్మ లేదు కాబట్టి బంతి ఎవరి దగ్గరుందో చెప్పి తీరాలి, డిఫెన్స్‌లో అంచున ఆడే ఫుల్‌బ్యాక్ పేరైనా సరే పలకాలి. టీవీ బొమ్మకన్నా ముందో వెనకో వస్తుంది, ఆ చిరాకు మాత్రం భరించాలి.

టీవీ కామెంటరీకి అయిదులో రెండున్నర ఇస్తాను. కొత్తగా ఆట చూసేవాళ్లయితే పెట్టుకోండి, నియమాలూ పేర్లూ అక్కడే వస్తాయి, నాకూ అక్కడే వచ్చాయి. నాలుగైదేళ్లు చూసినవాళ్లు ఒక్క మ్యాచ్‌లో మొదటి సగం మ్యూట్ చేసి, ఒక మిడ్‌ఫీల్డర్‌ని ఎంచుకుని, బంతి లేనప్పుడు అతనేం చేస్తున్నాడో తెరలో కనిపించినంత మేరా చూడండి.

షూటౌట్‌కి వెళ్తే మాత్రం నేను సౌండ్ పెట్టేస్తాను. ఆ పది నిమిషాలూ గోల్‌కీపర్ల పేర్లు కూడా వినిపిస్తాయి.