బరంపురం జెర్సీ ప్రింటింగ్ షాపు: ఒక్క జెర్సీ, ముగ్గురు కెప్టెన్లు

బరంపురం పాత బస్టాండ్ దగ్గర సందులో ఉన్న జెర్సీ ప్రింటింగ్ షాపు గురించి రాస్తున్నా. చిన్న షాపు, బయట క్యారమ్ బోర్డులు, బ్యాట్లు వేలాడుతుంటాయి, లోపల ఒక హీట్ ప్రెస్ మిషన్, ఒక స్టిక్కర్ కటింగ్ మిషన్, అంతే. నేను ఒకే జెర్సీ పట్టుకుని అక్కడికి మూడుసార్లు వెళ్ళా, మూడుసార్లూ నేను అభిమానించే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ కెప్టెన్ గొడవ వల్లే, అందుకని షాపు సంగతి చెప్పాలంటే కెప్టెన్ల సంగతి కూడా చెప్పాల్సిందే.

2019లో దీపావళి అక్టోబర్ 27, ఆదివారం. గోగు కాడలతో దిబ్బు దిబ్బు దీపావళి కొట్టేసి కాళ్ళు కడుక్కుని మిఠాయి తిని రాత్రి పదింటికి నేనూ మా బావా టీవీ ముందు కూర్చున్నాం. క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్, తొమ్మిది నిమిషాలకే 2-0, ఇంక మనదే అనుకున్నాం, చూస్తుండగానే 2-2 అయిపోయింది. 61వ నిమిషంలో కెప్టెన్ గ్రానిట్ జాకాని బయటికి పిలిచి, బదులుగా సాకా అనే ఆటగాణ్ణి దింపారు. సొంత స్టేడియంలో సొంత జనమే జాకా మీద అరుస్తున్నారు, ఆయన మెల్లగా నడుస్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టి ఇంకా అరవండి అన్నట్టు చూపించి, ఏదో తిట్టి, జెర్సీ విప్పేసి నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు. నా ఒంటి మీద కూడా అదే ఎర్ర జెర్సీ, వెనకాల జాకా, 34. మా బావ నా వైపు చూసి "నువ్వు కూడా విప్పెయ్ బావా" అన్నాడు, నాకు చాలా బాధనిపించింది, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నవంబర్ 5న కోచ్ ఉనై ఎమెరీ జాకా కెప్టెన్సీ తీసేశాడు, గోల్స్ కొట్టే ఒబమెయాంగ్‌కి ఇచ్చాడు. ఆ వారంలోనే నేను ఈ షాపుకి వెళ్ళా. జాకా పేరు వేసింది ఇక్కడ కాదు, వేరే షాపులో, రెండు ఉతుకులకే, ఇంగ్లీషులో జాకా పేరు మొదట ఉండే ఎక్స్ అక్షరం మూల లేచిపోయింది. ఈ షాపు అన్న జెర్సీని వెలుతురులో పట్టుకుని చూసి, గోటితో అక్షరం అంచు గీకి చూసి, "తియ్యడం నా పని తమ్ముడూ, కానీ నీడ ఉండిపోద్ది, ముందే చెప్తన్నా, తరవాత నా మీద పడొద్దు" అన్నాడు. అది నాకు నచ్చింది, చాలా మంది ఆ మాట చెప్పరు, డబ్బులు తీసుకుని ఇచ్చేస్తారు. ప్రెస్ వేడి మీద కాసేపు పెట్టి, అక్షరం మెత్తబడ్డాక పట్టకారుతో ఒక మూల పట్టుకుని నిదానంగా లాగాడు, లాగుతుంటే కింద జిగురు దారాల్లా సాగింది, దాన్ని ఏదో మందు పెట్టిన గుడ్డతో తుడిచాడు. అయినా పక్కకి వంచి చూస్తే జాకా అని ఇప్పటికీ చదవొచ్చు.

ఒబమెయాంగ్ నంబరు 14. అన్న ఏమన్నాడంటే 34లో 4 అలాగే ఉంచేద్దాం, 3 తీసి 1 వేస్తే ముప్పై రూపాయలు మిగుల్తాయి అని. నేను సరే అన్నా. ఇక్కడ మాత్రం ఒక లోపం చెప్పాలి, పాత 4 అప్పటికే కొంచెం పసుపు తిరిగింది, కొత్త 1 తెల్లగా మెరుస్తోంది, రెండూ పక్కపక్కన అతకలేదు, ఆ మాట ముందే చెప్పి ఉంటే ముప్పై రూపాయలు పెట్టుకునేవాణ్ణి. పేరు మాత్రం ఇంగ్లీషులో పది అక్షరాలూ తప్పు లేకుండా, భుజం నుంచి భుజం దాకా సమానంగా వేశాడు, ఫోన్‌లో స్పెల్లింగ్ చూపించమని రెండుసార్లు అడిగి మరీ కట్ చేశాడు. మొత్తం 200 తీసుకున్నాడు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తా. జాకా చేతి పట్టీ, అంటే కెప్టెన్ గుర్తు, తియ్యడం కరెక్టే, కానీ తప్పు అక్కడ మొదలవలేదు. సీజన్ ఆగస్టులో మొదలైతే సెప్టెంబర్ 27 దాకా పర్మనెంట్ కెప్టెన్ ఎవరో చెప్పలేదు, ఆటగాళ్ళ చేత ఓటు వేయించి చివరికి జాకా అన్నారు, సరిగ్గా నెల తిరిగేసరికి ఈ గొడవ. తర్వాత తొమ్మిది రోజులు ఏమీ తేల్చకుండా నాన్చి, తియ్యగానే పెద్దగా ఆలోచించకుండా టీమ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టేవాడి చేతికి ఇచ్చేశారు. తియ్యడం ఆలస్యం, ఇవ్వడం తొందర, నా దృష్టిలో రెండూ తలకిందులుగా జరిగాయి. నవంబర్ 29కి ఎమెరీ ఉద్యోగమే పోయింది.

గొడవలో పడిన కెప్టెన్ అందరినీ ఒకే గాటన కట్టకూడదు కూడా. టోనీ ఆడమ్స్‌ని చూడండి, 1988లో 21 ఏళ్ళకి మా కెప్టెన్ అయ్యాడు, 1990 డిసెంబర్‌లో తాగి కారు నడిపినందుకు 4 నెలల శిక్ష పడి జైలుకే వెళ్ళాడు, అయినా కెప్టెన్సీ తియ్యలేదు, ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఒక్క మ్యాచే ఓడి టైటిల్ గెలిచాం. 1996లో తాగుడు సమస్య ఉందని ఆయనే బయటపెట్టాడు, 1998లో లీగూ, ఇంగ్లాండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్పూ రెండూ ఎత్తాడు. డ్రెస్సింగ్ రూమ్ ఆయన వెనక నిలబడింది. మా ఇంకో కెప్టెన్ గాలాస్ కథ వేరు, సొంత టీమ్ కుర్రాళ్ళ గురించే పేపర్ వాళ్ళ ముందు మాట్లాడాడు, 2008 నవంబర్‌లో అప్పటి కోచ్ వెంగర్ తీసేసి 21 ఏళ్ళ ఫాబ్రెగాస్‌కి ఇచ్చాడు, అదీ కరెక్టే. లోపలి వాళ్ళు నమ్మకపోతే ఇంక ఒక్క రోజు కూడా ఉంచకూడదు, బయట జనం అరిస్తే మాత్రం కొంచెం ఓర్చుకోవాలి, జనం కోపం ఉగాది పచ్చడి లాంటిది, ఈ ముద్దలో చేదు తగిలితే మరో ముద్దలో బెల్లం తగుల్తుంది.

సరే షాపుకి వస్తా. ఒబమెయాంగ్ 2020 ఆగస్టు 1న చెల్సీ మీద రెండు గోల్స్ కొట్టి ఎఫ్ఏ కప్ ఎత్తినప్పుడు ఆ 200 రూపాయలు పూర్తిగా గిట్టుబాటు అయ్యాయనిపించింది. 2021 డిసెంబర్‌లో ఆయన విదేశానికి వెళ్ళి లేటుగా తిరిగొచ్చాడని, ఎమెరీ తర్వాత వచ్చిన కోచ్ ఆర్తెతా కెప్టెన్సీ పీకేశాడు. మళ్ళీ షాపుకెళ్ళా. ఈసారి అన్న పేరూ నంబరూ మొత్తం తీసేసి, "కొత్త పేరు ఇప్పుడే వెయ్యకు తమ్ముడూ, ఒకే చోట మాటిమాటికి వేడి పెడితే పాలిస్టర్ నిగనిగలాడి కాలినట్టు అయిపోద్ది, కొన్నాళ్ళు ఖాళీగా తొడుక్కో" అన్నాడు. ఇంకో వంద సంపాదించుకునే ఛాన్సు ఉండి కూడా వద్దన్నాడు, అక్కడే నేను ఈ షాపుకి పర్మనెంట్ కస్టమర్ అయిపోయా. ఏడు నెలలు ఖాళీ వీపుతోనే మ్యాచ్‌లు చూశా. అక్కడ ఆర్తెతా కూడా అదే చేశాడు, లాకాజెట్ అనే ఆటగాడికి పట్టీ ఇచ్చి సీజన్ గడిపించి, జులై 2022లో గానీ ఓడెగార్డ్ పేరు ప్రకటించలేదు. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి.

ఆగస్టులో ఓడెగార్డ్, 8 వేయించా. ఇంగ్లీషులో ఆ పేరులో మొదటి ఓ అక్షరానికి అడ్డంగా గీత ఉంటుంది, వాళ్ళ కంప్యూటర్ ఫాంట్‌లో అది లేదు. అన్న మామూలు ఓ కట్ చేసి, అగ్గిపుల్లంత సన్నటి ముక్క విడిగా కోసి, ఊపిరి బిగబట్టి దాని మీద పెట్టి, బటర్ పేపర్ కప్పి 150 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు నొక్కాడు. గీత కొంచెం నిటారుగా వచ్చింది కానీ ఎన్నిసార్లు ఉతికినా ఇప్పటికీ ఊడలేదు.

ఒక్కటే నన్ను ఇంకా బాధపెడుతుంది. కెప్టెన్సీ పోయాక వెళ్ళిపోదామని సామాన్లు సర్దుకున్న జాకాని ఆర్తెతా ఆపాడు, 2023 మే 28న ఆఖరి మ్యాచ్‌లో వుల్వ్స్ మీద 5-0లో రెండు గోల్స్ ఆయనవే, అదే స్టేడియం ఆయన కోసం పాటలు పాడింది. ఆ తర్వాత జర్మనీ క్లబ్ లెవర్‌కూసెన్‌కి వెళ్ళి ఒక్క మ్యాచ్ ఓడకుండా అక్కడి లీగ్ బుండెస్లిగా గెలిచాడు. పట్టీ తీస్తే సరిపోయేది, నేను పేరు కూడా తీసేశా. అందుకే పోయిన నెల ఇంకో ఎర్ర జెర్సీ కొని ఇదే షాపులో జాకా 34 వేయించా, 3, 4 రెండూ ఒకే రోల్ నుంచి కట్ చెయ్యమని ముందే చెప్పా, ఈసారి రెండూ ఒకే తెలుపు.

ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చేవాళ్ళకి: తెలుగులో మాట్లాడతారు, ఒడియాలో అయినా సరే, భాషతో ఇబ్బంది లేదు. సాయంత్రం ఇస్తా అంటే మర్నాడు పొద్దున అనుకోండి, అది మాత్రం మారలేదు. జెర్సీలు కొంచెం చిన్న సైజు వస్తాయి, ఎల్ వేసుకునేవాళ్ళు ఎక్స్ఎల్ తీసుకోండి. ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది ఏప్రిల్‌లో మాత్రం వెళ్ళకండి, బజారంతా జనం, అన్నకి నిలబడే చోటు కూడా ఉండదు.