నాలుగు కాపుల తరువాత ఎన్.ఎ.ఎ. మందు

నిమ్మ పిందెలు రాలకుండా వాడే ఎన్.ఎ.ఎ. (నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం) 4.5 శాతం మందును చంద్రగిరి దగ్గరి మా తోటలో నాలుగేళ్లుగా పిచికారీ చేస్తున్నాను. తెల్లవారేసరికి పాదుల నిండా పచ్చటి పిందెలు రాలి ఉండడం ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. మొదటి ఏడాది పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు ఒకసారి, మూడు వారాల తరువాత మరొకసారి కొట్టాక పాదులు దాదాపు ఖాళీగా కనిపించిన ఉదయం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పిందెలో ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను తగ్గినప్పుడు తొడిమ దగ్గరి కణాల పొర, చెట్టులోనే తయారయ్యే ఎథిలీన్ అనే వాయువు ప్రభావానికి లోనై విడిపోతుంది. పైనుంచి అందించే ఈ కృత్రిమ ఆక్సిన్ ఆ పట్టు సడలకుండా కాపాడుతుంది.

అయితే ఈ మందుకు కొలతే ప్రాణం. కావలసింది 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది పాళ్లు), అంటే నాలుగున్నర లీటర్ల నీటికి 1 మి.లీ. మాత్రమే, 200 లీటర్ల డ్రమ్ముకు 44 మి.లీ. సరిపోతుంది. రెండో ఏడాది నేను ఊళ్లో లేని రోజున, చివరి నాలుగు చెట్లు మిగిలిపోయాయని, మా తోటలో పనిచేసే అన్న 20 లీటర్ల ట్యాంకులో అదే 44 మి.లీ. పోశాడు. తప్పు ఆయనది కాదు, సీసా మీద డ్రమ్ము లెక్క ఒక్కటే రాసిపెట్టి వెళ్లింది నేను. రెండు మూడు రోజుల్లో లేత ఆకులు మెలితిరిగి వాలిపోయాయి. వారం తిరిగేలోగా, మందే కొట్టని ఏళ్లలో కూడా చూడనంతగా ఆ నాలుగు చెట్ల కింద పిందె రాలింది. మోతాదు మించితే ఇదే మందు చెట్టులో ఎథిలీన్‌ను పెంచి పిందెను రాల్చేస్తుందనీ, కమలా చెట్లకు కాపు పలచన చేయడానికి వందల పీపీఎంలో దీన్నే వాడతారనీ నాకు తెలిసింది ఆ తరువాతే. పక్క వరుస కాయలతో కళకళలాడుతుంటే ఈ నాలుగింటి దగ్గరికి వెళ్లడానికి చాలా రోజులు మనసొప్పలేదు. అప్పటి నుంచి సూది తీసిన సిరంజితో నేనే కొలిచి పోస్తున్నాను.

మొదటి ఏడాది తోటి రైతులకు చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. మూడో ఏడాది ఏప్రిల్‌లో బోరు తగ్గి డ్రిప్పు పది రోజులు ఆగినప్పుడు, సరైన కొలతలో రెండు సార్లు కొట్టినా పిందె నిలవలేదు. మొదటి ఏడాది ఫలితంలో నిండుగా పోసిన బోరు వాటా కూడా తక్కువేమీ కాదేమో.

మావి తొమ్మిదేళ్ల బాలాజీ రకం చెట్లు, ఎర్ర నేల. బత్తాయిలో నాకు అనుభవం లేదు. నీరు నిలకడగా ఉన్నంతవరకు ఈ మందు కొంటూనే ఉంటాను, బోరు మీద నమ్మకం లేని ఏడు మాత్రం ముందుగా పాదులకు వేరుశనగ పొట్టు కప్పించి, మిగిలిన డబ్బును బట్టి ఆలోచిస్తాను.